షీమే ఇంటి గన్నేరు

ముందు షారా పోయింది.
చుక్కల పెట్ట. రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేది,
పెట్టిన సంగతి
అవతల స్ప్లిట్ రేవు దాకా వినబడేట్టు అరిచేది.
పొద్దున గూడు తలుపు తీస్తే
రెక్కలు పరుచుకుని, మెడ వాల్చి,
కళ్ళ మీద తెల్లటి పొర.

నేను గోడ వంక చూశాను.

గోడకి అటువైపు షీమే గన్నేరు.
నిలువెత్తు రాళ్ళు దాటాక మరో నిలువు,
జూన్ నెలంతా గులాబీ రంగు.
ముందురోజు రాత్రి యూగో వీచింది,
ఉప్పూ ఇసుకా మోసుకొచ్చే దక్షిణపు గాలి.
పెరట్లో సన్నటి ఆకులు, చిన్న చాకుల్లా.
ఏరి లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు.

ఈ దీవిలో పాలపళ్ళు ఊడని పిల్లకైనా తెలుసు
దాని పుల్లకి చేప గుచ్చి కాల్చకూడదని,
మేకని దాని కింద కట్టకూడదని.
కాపరానికొచ్చిన వారంలోనే
మా అత్త వేలు పెట్టి చూపించింది,
ఇంటి తాళాలు ఇవ్వడానికి నాలుగేళ్ళు ముందు.

ఆకులు గుప్పిట పట్టుకుని షీమే గుమ్మం ఎక్కాను.
ఏమన్నానో ఇక్కడ రాయను.
అతను వలకి ముడులు వేస్తున్నాడు
ఆ చెట్టు నీడలోనే, ఎప్పటిలాగే.
తల ఎత్తలేదు.
"సరే పెరీనా" అన్నాడు.

మర్నాటి నుంచి రంపం చప్పుడు.
కాలిస్తే పొగ చేటు, పొలంలో పారేస్తే గొర్రెలకి చేటు.
అందుకని మోపులు కట్టి పడవలో వేసుకుని
మూడుసార్లు అవతలి ఒడ్డుకి పోయాడు.
మోపుల మీద పూలు ఇంకా వాడలేదు.
"పెళ్ళికా షీమే?" అన్నారెవరో రేవులో.
నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆగస్టులో నోనా పోయింది.
అదే మెడ, అదే పొర.
గోడ మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

కటిల్ చేపలు కోసే కత్తెర తెచ్చాను.
మేతసంచి చీల్చాను.
నాలుగు గోధుమ గింజలు, ఒక గవ్వ ముక్క,
మిగతాదంతా నల్లపచ్చని గరుకు తొక్క.

మేడ మీది అద్దెగది వాళ్ళ అవకాడో.
గ్రాట్స్ నుంచి వచ్చారు, మర్యాదస్తులు,
పళ్ళేలు గీకి మరీ నా బకెట్లో వేసేవారు.
బకెట్ మీద అట్ట కట్టింది నేనే:
"కోళ్ళకి. అన్నీ తింటాయి."
జూన్‌లో ఉన్నవాళ్ళూ అదే తిన్నారు,
ఆ వాసన లేని పచ్చటి వెన్న, రొట్టె మీద.

పశువుల డాక్టరు ఫోన్లో నిట్టూర్చాడు.
పక్షులకి అది పడదమ్మా, తొక్కయితే మరీ.

ఇంటి దొంగని దేవుడైనా పట్టలేడంటారు.
ఈ దొంగ రోజూ పొద్దున
నా చేతిలోనే, పిడి దగ్గర ఊగుతూ వచ్చింది.
నేను "బో బో బో" అని పిలుస్తూ కుమ్మరించాను.
పాపం, పరుగెత్తుకొచ్చి తిన్నాయి.

అట్ట చింపేశాను.
ఇప్పుడు ఏం వేసినా వేళ్ళతో కెలికి చూస్తాను,
పచ్చబారిన బంగాళాదుంప, టమాటా కొమ్మ,
మందారమో మరేదో తెలియని ఆకు.
చూసినంత మాత్రాన పోయినవి గూటికి రావు.

ఆరు గుడ్లు పట్టుకుని వెళ్ళాను.
అతని కుర్చీ ఎండలో ఉంది,
నీడ కోసం గోడవారగా జరిగి, జరిగి,
ఇక జరగడానికి చోటు లేక ఆగిపోయింది.
మెడ వెనక చర్మం కమిలిపోయింది.
అంతా చెప్పాను, కత్తెర దగ్గర్నుంచి అట్ట దాకా.
షీమే నాలుగు గుడ్లు తీసుకున్నాడు.
రెండు వెనక్కిచ్చాడు.
ఎందుకని అడగలేదు.

అక్టోబరు వానకి
మొండెం చుట్టూ ఎర్రటి చిగుళ్ళు, వేలెడేసి.
గోడ కింది కన్నంలోంచి నా పెట్టలు దూరి
అక్కడే మట్టి గీకుతున్నాయి.
ఇనుప వల కత్తిరించి తీసుకెళ్ళి
మోకాళ్ళ మీద కూచుని మొండెం చుట్టూ కట్టాను.

"ఎవర్నించి ఎవర్ని కాస్తున్నావ్?"
అన్నాడు కుర్చీలోంచి.

నోట్లో తీగముక్కలు కరుచుకుని ఉన్నాను,
జవాబు చెప్పలేదు.